ఆరు దెబ్బల్లో రెండు తగిలితే చాలనుకున్నాను: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండు గంటలకు ‘బ్యాటిల్ ఫర్ వెస్‌నోత్’ ఆటలో, ‘హెయిర్ టు ద థ్రోన్’ అనే కథాక్రమంలోని ‘క్రాస్‌రోడ్స్’ ఘట్టాన్ని మూడో ప్రయత్నంలో దాటాను. ఆ సంతోషం ఇంకా తాజాగా ఉండగానే రెండో ప్రయత్నంలో పడిన అవమానాన్ని కూడా రాసిపెట్టాలనిపించింది.

ఆట తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఈ ఆట ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఆరు భుజాల గడుల మీద సైన్యాన్ని వంతులవారీగా నడపాలి. కొట్టే ప్రతి దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో ముందే తెలుస్తుంది. ఎదుటివాడు కోటలో నిలబడితే మామూలు దెబ్బ తగిలే అవకాశం 40 శాతానికి పడిపోతుంది కానీ, మంత్రగాడి దెబ్బకు మాత్రం ఎదుటివాడు ఎక్కడున్నా 70 శాతం అవకాశం ఉంటుంది. పగటిపూట మంత్రగాళ్ళ బలం పాతిక శాతం పెరుగుతుంది, రాత్రయితే ఓర్కులనే రాక్షసజాతి శత్రువుల బలం అంతే పెరుగుతుంది. కథానాయకుడైన కాన్రాడ్ చనిపోతే ఆట అక్కడితో ముగుస్తుంది.

మొదటి ప్రయత్నంలో కొండల్లో పొంచి ఉన్న ఓర్కులతోనే కాలం గడిచిపోయి, ఘట్టానికి ఇచ్చిన వంతులు అయిపోయాయి. అందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు.

రెండో ప్రయత్నంలో శత్రునాయకుడి కోటగోడల దాకా సకాలంలోనే చేరాను. అతడు ఓర్కిష్ వారియర్. 58 ప్రాణశక్తితో మొదలైనవాడు నా ఎల్ఫ్ జాతి విలుకాళ్ళ బాణాలకు 12కు దిగిపోయాడు. అది సంధ్యవేళ, అంటే ఎవరి బలమూ పెరగని, తరగని సమయం. నా మంత్రగాళ్ళు ఇద్దరు కోటగడుల్లో అతడి పక్కనే నిలిచారు. ఒక్కొక్కరు మూడేసి దెబ్బలు వేస్తారు, దెబ్బకు 7. అంటే మొత్తం ఆరు దెబ్బల్లో రెండు తగిలితే అతడి పని అయిపోతుంది. కాగితం మీద లెక్క వేసుకుంటే గెలిచే అవకాశం 98.9 శాతమని తేలింది. ఆ ధైర్యంతోనే మిగతా సైన్యాన్ని దూరంగా ఉన్న గ్రామాలను పట్టుకోవడానికి పంపించాను.

మొదటి మంత్రగాడి మూడు దెబ్బలూ గాలిలో కలిసిపోయాయి. రెండోవాడి దెబ్బల్లో ఒకటే తగిలింది. నాయకుడి దగ్గర 5 ప్రాణశక్తి మిగిలింది. తెర వైపు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను. తరువాతి వంతు శత్రువుది. అప్పటికే గాయపడి 18కి దిగిన నా మంత్రగాడి మీదికి ఆ నాయకుడు కత్తి దూశాడు. మూడు దెబ్బల్లో రెండు తగిలితేనే వీడు పడిపోతాడు, కోటలో ఉన్నాడు కాబట్టి అందుకు అవకాశం 35 శాతమే. పైగా ఎదురుదాడిలో వీడి చేతికర్ర దెబ్బ ఒక్కటి తగిలినా ఆ నాయకుడి చావు ఖాయం. కర్ర దెబ్బ తప్పిపోయింది, రెండు కత్తి దెబ్బలూ తగిలాయి, మంత్రగాడు నేలకూలాడు. రెండోవాణ్ణి గ్రంట్లు, అంటే మామూలు ఓర్కు సైనికులు, చుట్టుముట్టి చంపారు. నాయకుడు కొత్త సైనికులను పిలిచి ఖాళీ అయిన కోటగడులను నింపేశాడు.

ఇంతవరకు జరిగింది దురదృష్టమే, కాదనను. ఆ తరువాత జరిగింది మాత్రం నా తప్పు. కోపంతో ఒళ్ళు తెలియక, రాత్రి మొదలైన ఆ వంతులోనే, దారి తెరుచుకోవడానికి కాన్రాడ్‌ను బయలు నేల మీదికి నడిపాను. పగలైతే దెబ్బకు 9 కూడా వేయలేని గ్రంట్లు రాత్రిపూట 11 చొప్పున కొడతాయని నాకు తెలుసు. ముగ్గురు చుట్టుముట్టారు. ఘట్టం ముగిసింది.

ఈ ఆటను నాకంటే ముందునుంచి ఆడుతున్న ఒక మిత్రుడికి ఇదంతా చెప్పాను. కంప్యూటర్ మోసం చేస్తుందని, ప్రతి వంతుకూ ఆట దానంతటదే భద్రపడుతుంది కాబట్టి వెనక్కి వెళ్ళి, దెబ్బలు తగిలేదాకా మళ్ళీ మళ్ళీ కొట్టుకోవాలని ఆయన సలహా ఇచ్చాడు. ఆ సలహా నాకు నచ్చలేదు. ఈ కథాక్రమంలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నేను వంతు మధ్యలో వెనక్కి వెళ్ళలేదు, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. మోసమన్న మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఆటలోనే ఉన్న గణాంకాల పట్టిక తెరిచాను. మనం చేసిన నష్టం, పొందిన నష్టం ఎంత ఉండాల్సిందో, నిజంగా ఎంత ఉందో అందులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ ఘట్టం మొత్తానికి నేను చేసిన నష్టం ఉండవలసినదానికంటే 3 శాతమే తక్కువ. అంతకుముందు విలుకాళ్ళకు వరుసగా కలిసివచ్చిన బాణాలను నేను అదృష్టంగా లెక్కపెట్టనే లేదు, అవి నా నేర్పు అనుకున్నాను. ఒక ఘట్టంలో వందల దెబ్బలు పడతాయి కాబట్టి నూటికి ఒకసారి జరిగేది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది.

మా అమ్మమ్మ అష్టా చెమ్మా ఆడేటప్పుడు, చెమ్మా పడితేనే బతికే చోట కాయను ఎన్నడూ నిలిపేది కాదు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడడం ఎంత అరుదో ఆమెకు లెక్క అవసరం లేకుండానే తెలుసు. గవ్వలు ఎలా పడినా నడపడానికి ఇంకొక కాయ ఆమెకు ఎప్పుడూ ఉండేది.

మూడో ప్రయత్నంలో నేను మార్చినవి కొన్నే. దాడిని తెల్లవారేదాకా ఆపాను. మంత్రగాళ్ళ వెనుక ఇద్దరు విలుకాళ్ళను, వైద్యం చేసే షామన్‌ను నిలిపి, గ్రామాలను ఖాళీగా వదిలేశాను. ముందు మంత్రగాళ్ళతో కొట్టించి, అది విఫలమైతే తరువాత ఎవరు కొడతారో ముందే నిర్ణయించుకున్నాను. మీరు ఈ ఘట్టం ఆడబోతుంటే, శత్రునాయకుడి పక్కన మూడు గడులైనా చేతికి రాకుండా అతడి మీదికి వెళ్ళకండి. తప్పిపోయిన ప్రతి దెబ్బకూ తెర మీద మోసం వెతికేవారి సలహా అసలే వినకండి.

ఈసారి కూడా మొదటి మంత్రగాడి మూడు దెబ్బల్లో ఒకటే తగిలింది. నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చి రెండోవాడితో కొట్టించాను, వాడి దెబ్బల్లోనూ రెండు తప్పిపోయాయి. మూడో గడిలో నిలిచిన విలుకాడి రెండో బాణానికి నాయకుడు కూలాడు. ఇద్దరు మంత్రగాళ్ళూ ప్రాణాలతో బయటపడ్డారు, వారిలో ఒకడికి పై మెట్టు ఎక్కడానికి కావలసిన అనుభవం ఇంకొక్క పోరు దూరంలోనే ఉంది.