స్లైడ్ మీద ఆకుపచ్చ చుక్కలు

గురువారం, రాత్రి పదకొండు దాటింది.

ఈరోజు సెకండియర్ పిల్లలకు స్పోర్ స్టెయినింగ్, అంటే స్పోర్లకు రంగు పట్టించే ప్రాక్టికల్. స్పోరు అంటే కష్టకాలం దాటడానికి కొన్ని బాక్టీరియాలు కట్టుకునే గట్టి పొరల గుళిక. అందుకోసం శనివారం వేసిన బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా ప్లేటును కావాలనే అయిదు రోజులు కదపకుండా ఉంచాను. తాజా కల్చర్‌లో స్పోర్లు దాదాపు దొరకవు. తిండి ఉన్నంతసేపు ఆ బాక్టీరియా రెండుగా చీలుతూ పెరుగుతూనే ఉంటుంది. తిండి అయిపోవస్తోందని తెలిశాకే స్పోరు కట్టే పనికి దిగుతుంది.

స్లైడ్ మీద మాలకైట్ గ్రీన్ పోసి కింద నుంచి ఆవిరి తగిలేలా అయిదు నిమిషాలు ఉంచాలి. వేడి లేకపోతే ఆ రంగు స్పోరు పొరలు దాటి లోపలికి పోదు. ఒకసారి పోయిందా, నీళ్లతో ఎంత కడిగినా బయటికి రాదు. మామూలు కణాలు మాత్రం రంగు వదిలేస్తాయి, వాటికి తర్వాత సాఫ్రనిన్ ఎరుపు పట్టిస్తాం. పదిహేనేళ్లుగా పిల్లలతో చేయిస్తున్న పనే ఇది. అయినా ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్ కింద ఎర్రటి కడ్డీల నడుమ ఆ ఆకుపచ్చ చుక్కలు కనబడగానే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

మూడో బెంచీ అమ్మాయి చాలాసేపు చూసి తలెత్తింది. "మేడమ్, ఈ పచ్చవి బతికున్నట్టా, చచ్చిపోయినట్టా?" అంది.

"నిద్రలో ఉన్నట్టు" అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబే. కానీ నోట్లోంచి ఆ మాట రాగానే, ఇది సరైన జవాబు కాదనిపించింది. నిద్రపోయే మనిషి ఊపిరి తీస్తాడు, గుండె కొట్టుకుంటుంది. స్పోరులో అవేవీ లేవు. కొలిచి చూద్దామంటే లోపల శక్తి ఖర్చవుతున్న జాడే దొరకదు. ఉన్న నీళ్లను చాలామటుకు బయటికి తోసేసి, ఆ చోట కాల్షియం, డైపికొలినిక్ ఆమ్లం కలిసిన పదార్థాన్ని నింపుకుంటుంది. ఎండు బరువులో సుమారు పదోవంతు అదే. డీఎన్ఏ చుట్టూ చిన్న చిన్న ప్రోటీన్లు అంటుకుని కాపు కాస్తాయి. దీన్ని నిద్ర అని ఎలా అంటాం?

అది తయారయ్యే తీరు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుందని పిల్లలు అంటారు. నిజమే. కణం మామూలుగా మధ్యలో చీలాలి. స్పోరు కట్టేటప్పుడు ఒక కొసన చీలుతుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది చిన్నదాన్ని తనలోకి తీసుకుంటుంది. ఆ పెద్దదాన్ని పుస్తకాల్లో తల్లి కణం అనే అంటారు. ఏడెనిమిది గంటలు ఆ తల్లి తనలో ఉన్నదంతా పెట్టి చిన్నదాని చుట్టూ పొర మీద పొర కడుతుంది. పని పూర్తయ్యాక తల్లి కణం పగిలిపోతుంది. స్పోరు మిగులుతుంది.

మధ్యాహ్నం ఆటోక్లేవ్ దగ్గర, అదే ఒత్తిడి పెట్టిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం దగ్గర, ఇంకో ప్రశ్న వచ్చింది. నీళ్లు మరిగితే అన్నీ చావాలి కదా, 121 డిగ్రీలు ఎందుకు అని. పిల్లలకు జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త సంగతి చెప్పాను. 1870లలో లండన్‌లో ఆయన గడ్డి నానబెట్టిన నీళ్లను ఎంతసేపు మరిగించినా మళ్లీ సూక్ష్మజీవులు పుట్టుకొచ్చేవి. ఎండుగడ్డిలో ఉన్న స్పోర్లే కారణం. చివరికి 1877లో ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒకసారి వేడి చేసి ఆపేయాలి. చావని స్పోర్లు మర్నాటికి మొలుస్తాయి. మొలిచాక మామూలు కణాలే కాబట్టి మళ్లీ వేడి చేస్తే చచ్చిపోతాయి. అలా వరసగా మూడు రోజులు. స్పోరును మొండిగా ఎదుర్కోకుండా, అది తలుపు తీసే దాకా ఆగడం. ఇంత తెలివైన ప్రయోగాలు నాకు చాలా కొద్దిగానే తెలుసు.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. ఊళ్లో మందకు సూదులు వేస్తున్నారట, చిటుకు రోగానికి. "వాన పడకముందే వేయించాలమ్మా, పడినాక లేత గడ్డి మేసి పొద్దునకల్లా పడిపోతాయి" అన్నాడు. ఆ రోగం పేరు వింటేనే భయం. చిటికె వేసినంతలో గొర్రె పోతుంది. దానికి కారణం క్లోస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్, అదీ స్పోరు కట్టే బాక్టీరియానే. మా నాయనకు ఆ పేరు తెలియదు, ఏ నెలలో సూది వేయించాలో మాత్రం ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాక అబ్బ, మా నాయన తండ్రి, గుర్తొచ్చాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా మందలో ఒక పొట్టేలు ఉన్నట్టుండి పడిపోయింది. ముక్కులోంచి నల్లటి నెత్తురు, గడ్డ కట్టని నెత్తురు. అబ్బ ఒక్క చూపు చూసి "దొమ్మ" అన్నాడు. ఇద్దరు ముగ్గురు వచ్చి కోసి పాళ్లు వేసుకుందామన్నారు. అబ్బ ఒప్పుకోలేదు. తోలు కూడా ఒలవనీయలేదు. ఆళ్లెత్తు గుంత తీయించి, పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన కంప వేయించాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మా మంద ఆ గట్టు పక్క మేయలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగినా సరే. అంత గడ్డిని వదిలేయడం నాకప్పుడు పిచ్చితనంగా తోచింది.

దొమ్మ అంటే ఆంత్రాక్స్. చచ్చిన పశువును కోయకపోతే లోపలున్న బాక్టీరియా చాలామటుకు కుళ్లుతోపాటే నశిస్తుంది. కోస్తే నెత్తురుకు గాలి తగులుతుంది, గాలి తగిలితే స్పోర్లు కడుతుంది, అవి నేలలో ఉండిపోతాయి. స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ అని ఒక చిన్న దీవి ఉంది. 1942లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు యుద్ధం పేరుతో అక్కడ గొర్రెలను కట్టేసి ఆంత్రాక్స్ బాంబులు పేల్చి చూశారు. గొర్రెలు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. దీవి మాత్రం మనుషులకు పనికిరాకుండా పోయింది. 1986లో సముద్రపు నీళ్లలో 280 టన్నుల ఫార్మాల్డిహైడ్ ద్రావణం కలిపి నేలను తడిపారు. సురక్షితం అని ప్రకటించింది 1990లో. నలభై ఎనిమిదేళ్లు! ఆ కట్టేసిన గొర్రెల సంగతి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. స్పోరు అనే మాట ఎప్పుడూ వినని మా అబ్బ, ఒక్క గుంతతో మా గట్టును కాపాడాడు.

రాత్రి వంటగది సర్దుకుని మళ్లీ ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికే వచ్చాను. పాత నోట్సు పక్కన పెట్టి ఈ మధ్య వచ్చిన పరిశోధనలు తిరగేశాను.

స్పోరు పొరలో తిండి జాడ పట్టే గ్రాహకాలు ఉంటాయని దశాబ్దాలుగా తెలుసు. బాసిల్లస్ సబ్టిలిస్‌కు ఎల్-అలనిన్ అనే అమైనో ఆమ్లం తగిలితే చాలు, నిమిషాల్లో మేలుకుంటుంది. తగిలాక ఆ గ్రాహకం ఏం చేస్తుందన్నదే తేలలేదు. 2023లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో డేవిడ్ రడ్నర్ బృందం దాన్ని తేల్చింది. అయిదు ముక్కలు వలయంగా కూడి మధ్యలో సన్నటి దారి ఏర్పడుతుంది, అలనిన్ వచ్చి అంటుకుంటే ఆ దారి తెరుచుకుని అయాన్లు బయటికి పోతాయి. అంటే గ్రాహకమే తలుపు. ఇన్నాళ్లూ మేము దాన్ని తలుపు తట్టే మనిషిలా చెప్పుకొచ్చాం.

అంతకు ఏడాది ముందు, 2022లో, శాన్ డియాగోలో గురోల్ సూయెల్ బృందం చేసిన పని నన్ను ఈ రాత్రి కుర్చీలోంచి లేవనివ్వలేదు. వాళ్లు స్పోర్లకు తిండి జాడను కాసేపు మాత్రమే చూపించి తీసేశారు. చాలా స్పోర్లు మేలుకోలేదు. మామూలుగా అయితే ఏమీ జరగలేదనుకుంటాం. కానీ లోపల దాచుకున్న పొటాషియం కొంత బయటికి పోయింది. ఇంకోసారి చూపిస్తే ఇంకొంత పోయింది. అలా ఒక హద్దు దాటాకే స్పోరు లేచింది. ఒక్క చినుకుకే మొలకెత్తి తర్వాత ఎండిపోయే పొరపాటు చేయకుండా, అది లెక్క పెడుతోంది! తన కోసం శక్తి తయారు చేసుకునే పని ఏదీ నడవకుండానే, ముందే లోపల దాచుకున్న పొటాషియం మూటతోనే లెక్క పెడుతోంది. మన మెదడులో నాడీకణాలు సంకేతాలను పోగుచేసుకునే తీరుకు ఇది దగ్గరగా ఉందని వాళ్లు రాశారు.

తెలుగు పుస్తకాల్లో స్పోరును సిద్ధబీజం అంటాం. పరీక్షల కోసం బట్టీ పట్టిన మాట. ఈరోజు దాన్ని పైకి అనుకుంటే అందులో 'సిద్ధం' వినబడింది.

ఎడిన్‌బరోలో 2014లో మొదలైన ప్రయోగం ఒకటుంది. ఎండబెట్టిన స్పోర్లను గాజు సీసాల్లో మూసి పెట్టారు. మొదటి 24 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత పాతికేళ్లకోసారి తెరిచి ఎన్ని బతికున్నాయో చూస్తారు. ముగిసేది 2514లో. మొదటి రెండేళ్ల లెక్కలో నష్టమేమీ కనబడలేదు. మొదలుపెట్టిన వాళ్లెవరూ చివరి సీసాను చూడరు. తర్వాతి వాళ్లకు అర్థమయ్యేలా సూచనలను పాతికేళ్లకోసారి తిరగరాయాలని కూడా ముందే రాసిపెట్టారు. ఆ పని నాకు చాలా నచ్చింది.

సోమవారం మళ్లీ అదే బ్యాచ్. రంగు వేయకుండానే కణాలను చూపించే ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్ మా దగ్గర ఒక్కటే ఉంది, దాని బల్బు శనివారంలోగా మార్పించాలి. రేపు పొద్దున్నే మిగిలిన ప్లేటు గీకి, స్పోర్లను చల్లటి నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి ఫ్రిజ్‌లో పెడతాను. సోమవారం 70 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, స్లైడ్ మీద ఎల్-అలనిన్ చుక్క వేసి, ఆ అమ్మాయినే ముందు కూర్చోబెడతాను. తళతళ మెరిసే స్పోరు నీళ్లు పీల్చుకుని ఒక్కొక్కటిగా నల్లబడుతుంది. అన్నీ ఒకేసారి నల్లబడవు. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపటికి, గడియారం పెట్టుకుని తననే రాసుకోమంటాను.