కాంతాల్ కొండల్లో చేదు వేరు

మా పిన్ని కొడుకుకి ఫ్రాన్స్‌లోని క్లెర్మోఁ ఫెరాఁలో టైర్ల కంపెనీలో ఉద్యోగం. జులైలో వాడి దగ్గరికి వెళ్తే, "ఇక్కడ జెన్షియన్ అనే మొక్క వేరుతో మందు చేస్తారు. నువ్వు మందు తాగినా తాగకపోయినా ఆ వేరు తవ్వడం మాత్రం చూడాలన్నయ్యా" అని కారెక్కించాడు. కాంతాల్ కొండల్లోని ప్యుయి మరీ అనే శిఖరం వైపు బయల్దేరాం.

వంపు కొమ్ముల ఎర్రటి సాలెర్స్ ఆవులు కొండంతా మేస్తున్నాయి. గడ్డి గొరిగినట్టుంది. మధ్యలో నడుమెత్తున పసుపు పూల కాడలు మాత్రం ఒక్క ఆకు పోకుండా నిలబడి ఉన్నాయి. అదే జెన్షియన్. ఆ చేదుకి ఆవులు మూతి పెట్టవు. తొలి పూత రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది, బతికితే యాభై ఏళ్లు బతుకుతుంది.

తవ్వే పెద్దాయన ముందు ఆకులు చూపించాడు. జెన్షియన్‌కి ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. పక్కనే పెరిగే వెరాట్రమ్ అనే మొక్క అచ్చం ఇలాగే ఉంటుంది గానీ దాని ఆకులు ఒకటి విడిచి ఒకటి, అది విషం. ఆ తేడా తెలియనివాడు ఇక్కడ గునపం పట్టకూడదు. ఆయన చేతిలోది రెండు పొడవాటి ఇనుప కోరల పనిముట్టు, 'దయ్యపు ఫోర్క్' అంటారట. కోరలు దిగేసి, పిడి మీద ఒళ్లంతా వాల్చి ఊగితే నేల పెళపెళమంది. చెయ్యంత లావు వేరు, కొమ్మలు కొమ్మలుగా బయటికొచ్చింది. గుంట పూడ్చి, గడ్డిపెళ్ల తిరగేసి కాలితో తొక్కాడు. లేత మొక్కల జోలికి పోలేదు.

చాకుతో చెక్కి పలచటి ముక్క ఇచ్చాడు. లోపల పసుపు. ముందు కాస్త తియ్యగా తగిలింది. మరుక్షణం చేదు నాలుక మొదలు దాకా పాకి, అరగంటైనా వదల్లేదు. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే కిరాతతిక్తం దీనికి చుట్టమే. రెండింటి చేదుకీ మూలం అమరోజెంటిన్ అనే పదార్థం.

సాయంత్రం రియోమ్ ఎస్ మోంతాన్‌లో కూర్చున్నాం. ఈ వేరుతో చేసే అవెజ్ అనే మందు 1929లో పుట్టింది ఈ ఊళ్లోనే. పచ్చి వేళ్లు తరిగి నెలల తరబడి ఆల్కహాల్‌లో నానబెట్టి, చక్కెర కలుపుతారు. 1912లో పికాసో కొలాజ్‌లో సీసా చీటీగా అతికించిన స్యూజ్ అనే మందు కూడా ఈ వేరుదే. అదీ రుచి చూశాను, నారింజ వాసన ఎక్కువ. నాకు అవెజే నచ్చింది. ఐసు మీద పోసిన ఆ పసుపు రసంలో తీపి ముందొచ్చి, వెనకాలే తడిమట్టి వాసన, ఆ తర్వాత పొద్దుటి చేదు.

గ్లాసు కింద పెడుతూ చూసుకుంటే, వేరు పట్టుకున్నప్పటి మట్టి నా గోళ్ల సందుల్లో ఇంకా అలాగే ఉంది.