రెండు నిమిషాల వెల్డింగ్ నేనెందుకు చేయించలేదు

కావలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పక్కన నాకు టైర్ల షాపు ఉంది. మా ఇంటి బతుకంతా 200 లీటర్ల గాలి ట్యాంకు మీదే నడుస్తుంది. దాన్ని తొమ్మిదేళ్ల కిందట చీమకుర్తిలో, మూతపడిన ఒక గ్రానైట్ యూనిట్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నేమ్ ప్లేటు లేదు. కొత్త రంగు నిగనిగలాడుతుంటే ఇంకేమీ అడగలేదు.

మొన్న వేసవిలో ఎవరూ గాలి పట్టకపోయినా మోటారు దానంతటదే ఆన్ అవుతూ వచ్చింది. సబ్బు నీళ్లు పూసి చూశాను. ట్యాంకు అడుగున, నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్‌కు జానెడు దూరంలో బుడగలు. గుండుసూది మొన పట్టేంత చిల్లు.

రోడ్డవతల వెల్డింగ్ షాపు తమ్ముడు వచ్చి చూసి, "రెండు నిమిషాల పని అన్నా, ఒక చుక్క పెట్టి మూసేస్తా" అన్నాడు. మూడు లారీలు ఆగి ఉన్నాయి. సరే అన్నాను. అతను కేబుల్ లాక్కొస్తుంటే, రాడ్డు బాగా పట్టుకుంటుందని నేను వైరు బ్రష్‌తో రంగు గీకాను. రంగు కింద అరచేయంత అతుకు బయటపడింది. చిల్లు సరిగ్గా ఆ అతుకు అంచునే ఉంది. అంటే నాకు అమ్మకముందే ఎవరో ఈ పనే చేశారు. దాని పక్కనే నా కొడుకు కూర్చుని హోంవర్క్ చేసుకునేవాడు. చేతులు చల్లబడ్డాయి.

నెల్లూరులో ఉండే మా బావకు ఫోన్ చేశాను. థర్మల్ ప్లాంటులో బాయిలర్ మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి.

"మోటారు ఆపావా?"

"ఆపాను బావా. లోపల ఇంకా 60 పౌండ్ల ఒత్తిడి ఉంది."

"మెయిన్ కూడా తీసెయ్. హోస్ చివర్నుంచి గాలి మొత్తం వదిలెయ్, ట్యాంకు దగ్గర ఎవర్నీ నిలబడనీయొద్దు. సుత్తితో కొట్టి చూడటాలు, రాడ్డు పెట్టడాలు ఏమీ వద్దబ్బా. చిల్లు ఈరోజు పడిందేమో గానీ, రేకు అరగడం ఎప్పుడో మొదలైంది."

ఆదివారం పొద్దున్నే బావ తనతో పనిచేసిన ఒకాయన దగ్గర మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు అడిగి తెచ్చాడు. రేకు మీద కాస్త జెల్ రాసి, చిన్న ప్రోబ్ ఆనిస్తే మిల్లీమీటర్లలో అంకె వస్తుంది. ట్యాంకు కోయకుండానే లోపలి సంగతి తెలిసిపోతుంది. చాక్‌పీసుతో గళ్లు గీసి కొలుస్తూ పోయాం. పైన 3.9. పక్కల 3.6. అడుగుకు వచ్చేసరికి 2.1, 1.7, 1.3. అతుకు చుట్టూ ఇంకా తక్కువ. చిల్లు దగ్గరైతే మీటరు ఏ అంకే చూపలేదు.

కారణం నీళ్లే. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ ట్యాంకులో నీరై అడుగున చేరుతుంది. మాది సముద్రం గాలి, తేమ ఎక్కువ. రోజూ కాక్ తిప్పి నీళ్లు వదలాలి. నేను నెలకోసారి కూడా తిప్పేవాణ్ని కాదు. తుప్పు లోపలి నుంచి తినేస్తుంటే బయట రంగు కొత్తగానే కనబడింది.

"అతుకు పెద్దది వేస్తే?" అని అడిగాను. ఆశ చావలేదు మరి. బావ కాగితం మీద లెక్క వేశాడు. ట్యాంకు డిష్, అంటే చివర్న ఉండే గుండ్రటి మూత, అడ్డకొలత 45 సెంటీమీటర్లు, అంటే దాదాపు 1590 చదరపు సెంటీమీటర్లు. ట్యాంకు నిండితే ఒత్తిడి చదరపు అంగుళానికి 120 పౌండ్లు, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 8 కిలోలకు పైనే. 8 లెక్కన వేసినా ఒక్కో డిష్ మీద 12 టన్నులు దాటింది. 50 కిలోల బియ్యం మూటలు 250. ఇన్నేళ్లూ ఆ బరువును మోసింది ఈ రేకే.

పలచబడిన రేకు మీద రాడ్డు పెడితే కాలి చిల్లు పెద్దదవుతుంది, లేదా అతుకు పట్టినట్టే పట్టి, చల్లారేటప్పుడు దాని అంచున పగులు మొదలవుతుంది. లోపల కంప్రెసర్ నూనె ఆవిరి ఉంటే నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదం వేరే. "మా ప్లాంటులో రిసీవర్ మీద, అంటే ఇలాంటి గాలి ట్యాంకు మీద, వెల్డింగ్ అంటే పరీక్ష పాసైన వెల్డర్ ఉండాలి, ఏ రాడ్డు ఎలా వాడాలో రాసిన పద్ధతి ఉండాలి. అయ్యాక నీళ్లతో టెస్టు" అన్నాడు.

నీళ్లతోనే ఎందుకని అడిగాను. నీళ్లను ఎంత నొక్కినా పెద్దగా కుదించుకుపోవు. పగిలితే కాస్త చిమ్మి ఒత్తిడి పడిపోతుంది. గాలి నొక్కిపెట్టిన స్ప్రింగు లాంటిది. నా ట్యాంకులో 120 పౌండ్ల దగ్గర ఉండే గాలి ఒక్కసారిగా విడుదలైతే, ఒక టన్ను కారును 20 మీటర్ల ఎత్తుకు లేపేంత శక్తి. అందుకే ట్యాంకు నిండా నీళ్లు నింపి, గాలి బొత్తిగా లేకుండా తీసేసి, పని ఒత్తిడికి 1.3 నుంచి 1.5 రెట్ల దాకా ఎక్కించి చూస్తారు. నా ట్యాంకుకు ఆ టెస్టు కూడా దండగన్నాడు. ఈరోజు నిలిచినా తుప్పు రేపు ఆగదు కదా.

ఫ్యాక్టరీలకైతే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ఇలాంటి వాటి భద్రత గురించే చెప్పేది. మాలాంటి రోడ్డు పక్క షాపుకు వచ్చి చూసేవాళ్లు ఎవరున్నారు? మనమే చూసుకోవాలి.

ఆ ట్యాంకును ఎవరూ మళ్లీ వాడకూడదని బావ పట్టుబట్టాడు. సబ్బు నీళ్లతో కడిగి, పై మూతలన్నీ తీసి, నీళ్లు నింపి పైభాగం కొద్దిగా వదిలి గ్యాస్ కట్టర్‌తో కోయించాం. కోసింది వెల్డింగ్ తమ్ముడే. అడుగు భాగం చెదలు తిన్న చెక్కలా ఉంది. అతను వేలితో తడిమి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొత్త ట్యాంకుకు, పాత తుక్కు డబ్బు పోగా, 18 వేలు పడింది. పది రోజులు పక్క షాపు గాలితో నెట్టుకొచ్చాను. ఈసారి నేమ్ ప్లేటు మీద పని ఒత్తిడి, టెస్టు ఒత్తిడి, తయారైన సంవత్సరం చదివాకే డబ్బులిచ్చాను. సేఫ్టీ వాల్వు రింగు లాగి గాలి వదులుతోందో లేదో చూశాను. రాత్రి షట్టర్ దించే ముందు మావాడు కాక్ తిప్పుతాడు. మొదటి రాత్రే పావు గ్లాసు నీళ్లు వచ్చాయి.

పోయిన వారం వెల్డింగ్ తమ్ముడు ఫోన్ చేశాడు. ఉలవపాడు నుంచి ఒకాయన స్ప్రే పెయింటింగ్ ట్యాంకు తెచ్చాడట, అడుగున లీకు.

"గాలి మొత్తం తీయించానన్నా. మీ బావ నంబరివ్వు."