40 లీటర్ల అక్వేరియం, ఆర్ఓ నీరు: నా అనుభవం

మా హాల్లో పెట్టిన 40 లీటర్ల ఆల్-ఇన్-వన్ అక్వేరియంలోకి ఎట్టకేలకు చేపలు వచ్చాయి. దుకాణదారుడి మీద కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి, అది చల్లారకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ రకం తొట్టికి ఫిల్టరు బయట వేలాడదు. వెనకవైపు నల్లటి పలకతో వేరు చేసిన ఇరుకైన అరలుంటాయి. పైనున్న సందుల గుండా మొదటి అరలోకి దిగిన నీరు స్పాంజిని, సిరామిక్ రింగులను దాటుకుంటూ వెళ్లి, చివరి అరలోని చిన్న మోటారు ద్వారా మళ్లీ తొట్టిలోకి వస్తుంది. లైటు కూడా తొట్టితోపాటే ఇస్తారు. ఇన్ని సదుపాయాలు ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి ఇక చేపలు కొనుక్కోవడమే తరువాయి అన్నట్టు అమ్మేవాళ్లు మాట్లాడతారు.

తొట్టి బిగించడంలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. నీటి బరువే 40 కిలోలు, అద్దమూ రాళ్లూ కలిపితే 50 దాటుతుంది కాబట్టి పాత టీవీ బల్లను వదిలి గట్టి చెక్క స్టాండు చేయించాను. కింద ఫోమ్ షీట్ పరిచి, మేస్త్రీ దగ్గర తెచ్చిన లెవెల్ గొట్టంతో మట్టం చూసుకున్నాను. గులకరాళ్లను నీరు తేటగా వచ్చేదాకా కడిగాను. మట్టి అవసరం లేని అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలను నల్లదారంతో చెక్కముక్కకు కట్టాను. హైదరాబాదు డిసెంబరు రాత్రుల కోసం 50 వాట్ల హీటరును వెనక అరలో దించాను. ఒక సాయంత్రంలో ముగిసిన పని ఇది.

అసలు కథ నీటితో మొదలైంది. మా అపార్ట్‌మెంటు సంపులో రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీరు, బోరు నీరు కలిసిపోతాయి. ఏ రోజు ఏది ఎంత ఉంటుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. తొట్టి అమ్మిన దుకాణదారుడు ఈ సంగతి వినగానే చేతులు అడ్డంగా ఊపి, బోరు నీటిలో చేపలు బతకవనీ, పూర్తిగా ఆర్ఓ నీరే పోయాలనీ ఖండితంగా చెప్పాడు. తన దగ్గరే ఉన్న బాక్టీరియా సీసా ఒకటి చేతిలో పెట్టి, ఇది పోసిన మర్నాడే చేపలు వేయవచ్చని హామీ కూడా ఇచ్చాడు. ఆ సీసా మీద నైట్రోబాక్టర్ అని ఒక బాక్టీరియా పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మంచినీటి అక్వేరియంలలో నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది (ఆ మార్పు సంగతి కింద చెబుతాను) ప్రధానంగా నైట్రోస్పైరా జాతి అని 1998లోనే పరిశోధకులు తేల్చారు. లేబుల్ ముద్రించినవారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

అతను చెప్పినట్టే తొట్టి నిండా ఆర్ఓ నీరే పోశాను గానీ, మర్నాడే చేపలు తేలేదు. చేపల విసర్జన వల్లా, మిగిలిపోయిన మేత వల్లా పుట్టే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చాలి. మొదటి రెండూ చేపలకు విషమే, మూడోది కొంతవరకు ఫరవాలేదు. ఈ బాక్టీరియా ఫిల్టరు రింగుల మీద స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో చేపలను బలిపెట్టకుండా అమ్మోనియాను మనమే వేసి బాక్టీరియాను పెంచుకోవచ్చు. లాబ్ కెమికల్స్ అమ్మే చోట స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ కొన్నాను. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం అదే. 40 లీటర్లకు పావు గ్రాము వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ కూడా తెచ్చుకున్నాను. ఈ కిట్లలో నైట్రేట్ రెండో సీసాను అర నిమిషం పాటు గట్టిగా కుదిపి తీరాలి. లేకపోతే అడుగున పేరుకున్న మందు కలవక, నైట్రేట్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది.

మొదట్లో అంతా పుస్తకంలో చెప్పినట్టే నడిచింది. అమ్మోనియా తగ్గింది, నైట్రైట్ పరీక్ష గొట్టం ఊదారంగుకు తిరిగింది, అంటే నైట్రైట్ పుట్టింది. ఆ తరువాత ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. అమ్మోనియా గొట్టం (అమ్మోనియా ఇంకా ఉందని చెప్పే) ఆకుపచ్చగానే ఉంది, నైట్రైట్ ఊదాగానే ఉంది, వారాలు గడిచినా రెండిటిలోనూ కదలిక లేదు. ఉద్యోగరీత్యా బ్యాంకులో ఖాతాలు తనిఖీ చేసేదాన్ని. జమ కట్టిన అమ్మోనియా ఏ పద్దులోకి పోయిందో లెక్క తేలకపోతే నాకు నిద్ర పట్టదు.

నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టుకుని, రాసుకున్న అంకెల కాగితంతో దుకాణానికి వెళ్లాను. ఆదివారం కావడంతో జనం బాగానే ఉన్నారు. అతను కాగితం వైపు చూడనైనా చూడకుండా సీసాను వెలుతురులోకి ఎత్తి, "నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా మేడమ్, ఇంకేం కావాలి?" అన్నాడు. అమ్మోనియా కంటికి కనిపించదని నేను చెబుతుండగానే పక్కనున్న కుర్రాడితో ఏదో అని నవ్వాడు. తరువాత నా వైపు తిరిగి, అందరికీ వినిపించేలా, "ఈ టెస్టులన్నీ మీకెందుకు మేడమ్? సార్‌ను ఒకసారి పంపించండి, ఆయనకు అర్థమయ్యేలా చెబుతాను" అన్నాడు. మా వారికి ఆ తొట్టిలో మోటారు ఏదో, హీటరు ఏదో ఈ రోజుకీ తెలియదు. డబ్బు కట్టింది నేను, రసీదు మీద పేరు నాది, పరీక్షలు చేసింది నేను. సమాధానం మాత్రం ఇంట్లో కూర్చున్న మగమనిషికి చెబుతాడట. సామాను అమ్మేటప్పుడు గుర్తుకురాని 'సార్' ప్రశ్న అడిగేసరికి గుర్తుకు రావడం ఈ ఒక్క దుకాణంలోనే చూసింది కాదు. కారు సర్వీసింగులోనూ, ఇన్వర్టరు కొన్నచోటా ఇదే తంతు. అతను మరో బాక్టీరియా సీసా అంటగట్టబోతే కౌంటరు మీదే వదిలేసి వచ్చాను.

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. వాడు భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. నా గాజుతొట్టి సంగతి విని నవ్వుతాడేమో అనుకున్నాను గానీ, అంకెలు చెప్పగానే వాడి గొంతు మారింది. "అక్కా, ఆల్కలినిటీ ఎంతుంది?" అని అడిగాడు. చూడలేదన్నాను. ఆమ్లాన్ని తట్టుకోవడానికి నీటిలో ఉండే కార్బొనేట్ల నిల్వే ఆల్కలినిటీ. "ముందు అది చూడు. పీహెచ్ కూడా చూడు. ఆర్ఓ నీళ్లలో బాక్టీరియాకు తినడానికి అమ్మోనియా ఉంది కానీ, పనిచేయడానికి కార్బొనేట్ ఏది?" అన్నాడు. వాడు చదివింది డిగ్రీ వరకే, అదీ వాణిజ్యశాస్త్రం. ఆల్కలినిటీ 100 పీపీఎం కంటే తగ్గితే సున్నమో డోలమైటో చల్లాలని, ఎకరాల కొద్దీ నీటిలో అప్పులు పెట్టి నేర్చుకున్నవాడు. దుకాణంలో అంతసేపు నిలబడినా దొరకని జవాబు వాడి దగ్గర రెండు నిమిషాల్లో దొరికింది.

మర్నాడే ఆ కార్బొనేట్ నిల్వను కొలిచే కేహెచ్ కిట్ తెప్పించాను. 5 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కొక్క చుక్కే వేస్తూ, నీలం రంగు పసుపుగా మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలని లెక్క. ఒక్కో డిగ్రీ దాదాపు 18 పీపీఎం. తొట్టి నీటిలో మొదటి చుక్క పడీ పడగానే గొట్టమంతా పసుపెక్కింది. నీలం అన్నదే కనిపించలేదు. అంటే కార్బొనేట్ లేనట్టే. నీటి ఆమ్లత్వాన్ని తెలిపే పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూస్తే, పీహెచ్ కిట్ చూపించగల అట్టడుగు అంకె, 6 దగ్గర ఉంది. అదే పద్ధతిలో మా బోరు నీటిని చూస్తే రంగు మారడానికి 14 చుక్కలు పట్టాయి.

జరిగింది ఇదీ. అమ్మోనియాను మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మామూలు కుళాయి నీటిలో ఆ నిల్వ ఎంతో కొంత ఉంటుంది. ఆర్ఓ యంత్రం దానిని ముందే తీసేస్తుంది కాబట్టి, ఉన్న కాస్తా మొదటి వారాల్లోనే అయిపోయి పీహెచ్ పడిపోయింది, బాక్టీరియా పని మానేసింది. బోరు నీటిని విషమన్నట్టు చెప్పిన దుకాణదారుడు ఈ ఒక్క సంగతి తెలుసుకుని ఉంటే నాకు ఇన్ని వారాల నిరీక్షణ తప్పేది. బాక్టీరియా సీసాలు అమ్ముతున్నాడే గానీ ఆ బాక్టీరియాకు ఏం కావాలో అతనికి తెలియదు.

పరిష్కారం చాలా చవకైనది. తొట్టిలోంచి నాలుగో వంతు నీరు తీసేసి, సంపులో కలవకముందే మోటారు దగ్గర పట్టిన బోరు నీటిని ఆ మేరకు పోశాను. బోరు నీరు దొరకనివాళ్లు వంట సోడా వాడవచ్చు. 50 లీటర్లకు ఒక చెంచా వేస్తే కేహెచ్ దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. అయితే చేపలున్న తొట్టిలో అమ్మోనియా ఉండగా ఈ పని ఒక్కసారిగా చేయకూడదు. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉన్నదే, పీహెచ్ పెరగగానే విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది. నా తొట్టిలో అప్పటికి చేపలు లేవు కాబట్టి భయం లేకపోయింది. నీరు మార్చిన కొద్ది రోజులకే అమ్మోనియా గొట్టం పసుపుకు తిరిగింది. నైట్రైట్ ఇంకొంత కాలం మొండికేసి, ఒక ఉదయం లేత నీలంగా కనిపించింది. పరీక్షగా మళ్లీ పావు గ్రాము నవాసారం వేస్తే మర్నాటికి రెండూ సున్నా. నేను ఆ గొట్టాలను వరుసగా పెట్టి ఫోటో తీసి తమ్ముడికి పంపాను. ఒక్క చేపనైనా చంపకుండా తొట్టిని సిద్ధం చేసినవాళ్లు మా అపార్ట్‌మెంటులో నేను తప్ప ఎవరూ లేరని గర్వంగానే చెబుతాను. పై అంతస్తులో గోల్డ్‌ఫిష్‌లను నెలకోసారి మార్చేవాళ్లున్నారు.

చేపల ఎంపికలో ఒక్క మాట చెప్పాలి. తొట్టి కొన్న రోజునే ఆ దుకాణదారుడు షార్క్ పేరుతో వెండిరంగు పిల్లలను చూపించి, జత తీసుకెళ్లమన్నాడు. ఫోటో చూసిన తమ్ముడు అవి పంగాసియస్ పిల్లలని గుర్తుపట్టాడు. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల్లో కూరకోసం పెంచే చేప అది. మీటరు దాకా ఎదగగల చేపను 40 లీటర్ల తొట్టికి అమ్మడానికి ఎంత ధైర్యం కావాలి! నేను వేరే చోట ఆరు మగ గప్పీలను తెచ్చుకున్నాను. మగవి మాత్రమే తీసుకుంటే పిల్లల బెడద ఉండదు. కాస్త కఠినమైన, అంటే ఖనిజాలున్న నీరే వాటికి పడుతుంది. అంటే, నాకు వద్దన్న బోరు నీరే ఈ చేపలకు నచ్చిన నీరు.

ఈ తొట్టి కొనేవాళ్లకు మరో సంగతి. వెనక అరల నిర్మాణం వల్ల ఆవిరైన నీటి లోటు ముందు భాగంలో కనిపించదు, మోటారున్న చివరి అరలోనే మట్టం పడిపోతుంది. మోటారు గాలి పీల్చి గుడగుడమని శబ్దం చేస్తే దానిని విప్పి చూసుకోవాల్సిన పనిలేదు, ఆ అరలో నీరు పోస్తే చాలు. అలా తగ్గింది భర్తీ చేయడానికి మాత్రం ఆర్ఓ నీరే సరైనది. నీరు ఆవిరైనా ఖనిజాలు తొట్టిలోనే మిగిలిపోతాయి కాబట్టి, ప్రతిసారీ బోరు నీరు పోస్తూపోతే కాఠిన్యం పెరుగుతూనే ఉంటుంది. వారానికోసారి నీరు మార్చేటప్పుడేమో ఒక వంతు బోరు నీటికి మూడు వంతుల ఆర్ఓ నీరు కలిపి వాడుతున్నాను. కేహెచ్ 4 దగ్గర నిలిచింది, పీహెచ్ మళ్లీ పడలేదు.