పాత ప్రియస్ కొనేవారు చూడవలసింది బ్యాటరీ ఒక్కటే కాదు

అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మొదటి కారు కోసం వెతికేటప్పుడు పదేళ్లు దాటిన టయోటా ప్రియస్ దగ్గర తప్పకుండా ఆగుతారు. ధర అందుబాటులో ఉంటుంది, గాలన్‌కు దాదాపు యాభై మైళ్లు ఇస్తుంది, స్నేహితుల్లో ఎవరో ఒకరు అప్పటికే దాన్ని నడుపుతుంటారు. మా బంధువుల పిల్లలు ఫోన్ చేసి "బాబాయ్, బ్యాటరీ బాగానే ఉందట, తీసుకోమంటారా?" అని అడిగినప్పుడు నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే: అది ఏ సంవత్సరం మోడల్? 2010 నుంచి 2015 వరకు వచ్చిన మూడో తరం కారైతే బ్యాటరీ సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు ఇంజిన్ సంగతి తేల్చుకోవాలి.

ప్రియస్ పెట్రోలు ఇంజిన్‌తో పాటు విద్యుత్ మోటార్లు కూడా ఉన్న హైబ్రిడ్ కారు. హైబ్రిడ్ అనగానే అందరికీ బ్యాటరీ భయమే పట్టుకుంటుంది. అది అకారణమైన భయమని నేను అనను. కానీ ఆ కారులోని 201.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ 28 మాడ్యూళ్ల సముదాయం. అది పాడయ్యేటప్పుడు డాష్‌బోర్డు మీద హెచ్చరిక వస్తుంది, ఆ లోపాన్ని సూచించే కోడ్ ఏమిటో ప్రతి మెకానిక్‌కూ తెలుసు, కొత్తదానికి ఒక ధర, బాగుచేసినదానికి ఇంకొక ధర మార్కెట్లో స్థిరపడి ఉన్నాయి. వెనుక సీటు పక్కన ఉండే గాలి రంధ్రాన్ని దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు మూసేయకుండా చూసుకుంటే దాని ఆయుష్షు కొంత పెరుగుతుంది కూడా. ఇంజిన్‌కు వచ్చే జబ్బు ఇలా ముందుగా చెప్పి రాదు.

రెండో తరంలో ఉన్న 1.5 లీటర్ల ఇంజిన్‌ను తీసేసి, మూడో తరంలో 1.8 లీటర్ల 2జెడ్ఆర్-ఎఫ్ఎక్స్ఈ ఇంజిన్‌ను పెట్టారు. దానికి బెల్టులు లేవు. నీటి పంపు సైతం విద్యుత్తుతోనే తిరుగుతుంది. మైలేజీ కోసం చేర్చిన మరొక ముఖ్యమైన ఏర్పాటు కూలర్‌తో కూడిన ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్). ఇంజిన్ నుంచి బయటకు పోయే పొగలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ప్రవహించే ఒక చిన్న కూలర్‌లో దాని వేడి తగ్గించి, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ద్వారా మళ్లీ సిలిండర్లలోకి పంపుతారు. అందువల్ల దహన ఉష్ణోగ్రత తగ్గుతుంది, ఇంజిన్ గాలిని పీల్చుకోవడానికి పడే శ్రమ కూడా తగ్గుతుంది, ఆ మేరకు పెట్రోలు ఆదా అవుతుంది. ఆలోచన మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ పొగతో పాటు మసి కూడా ప్రయాణిస్తుంది, ఆ కూలర్ లోపలి దారులు చాలా సన్నవి.

లక్ష మైళ్లు దాటిన కారు నుంచి విప్పి తీసిన ఈజీఆర్ కూలర్‌ను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక వైపు నుంచి టార్చి వేస్తే రెండో వైపు వెలుతురు కనిపించవలసిన చోట, ఏళ్ల తరబడి కడగని వంటింటి చిమ్నీ జాలీలాగా, నూనె ఆవిరితో కలిసి గట్టిపడిన నల్లటి మసి పేరుకుని ఉంటుంది. మానిఫోల్డ్‌లో ఒక్కొక్క సిలిండర్‌కు ఈ వాయువును పంచే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి కూడా మూసుకుపోతాయి, అయితే నాలుగూ సమానంగా మూసుకుపోవు. అప్పుడు ఒక సిలిండర్‌కు చల్లని వాయువు తగినంత అందుతుంది, పక్కదానికి అందదు. అందని సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, పెట్రోలు అదుపు తప్పి మండే నాకింగ్ మొదలవుతుంది, ఆ ఒత్తిడి అంతా ఇంజిన్ బ్లాక్‌కు, పైనుండే హెడ్‌కు మధ్య లీకు కాకుండా బిగించే హెడ్ గ్యాస్కెట్ మీద పడుతుంది. గ్యాస్కెట్ బలహీనపడిన చోట కూలెంట్ సిలిండర్‌లోకి దారి వెతుక్కుంటుంది. గ్యాస్కెట్ పోవడానికి ఈజీఆర్ ఒక్కటే కారణమా, లేక గ్యాస్కెట్ నిర్మాణంలోనే లోపం ఉందా అన్న విషయంలో మెకానిక్‌లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను మొదటి వాదన వైపే మొగ్గుతాను. రెండోది నిజమైనా సరే, కూలర్‌ను, మానిఫోల్డ్‌ను శుభ్రం చేయించడం వల్ల పోయేది కొన్ని గంటల మెకానిక్ కూలి మాత్రమే. గ్యాస్కెట్ పోతే ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. విచిత్రమేమిటంటే, సాధారణ సర్వీసు పట్టికలో ఈ శుభ్రం చేసే పని ఉండదు. కాబట్టి "సర్వీసులన్నీ సమయానికి చేయించాను" అని అమ్మేవారు చెప్పిన మాట పూర్తిగా నిజమైనా, ఆ కూలర్‌ను ఎవరూ ముట్టుకుని ఉండకపోవచ్చు.

ఈ జబ్బును హైబ్రిడ్ నిర్మాణమే కొంతకాలం దాచిపెడుతుంది. మామూలు కారులో ఇంజిన్ నీరసించిపోతే స్టార్ట్ అయ్యేటప్పుడే మొరాయిస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ప్రియస్‌లో వేరే స్టార్టర్ మోటారు లేదు. గేర్‌బాక్సు స్థానంలో ఉండే ట్రాన్సాక్సిల్‌లోని మోటారు జనరేటరే ఇంజిన్‌ను బలంగా తిప్పి లేపుతుంది. ఇంజిన్ ఇవ్వలేని శక్తిని రెండో మోటారు కొంతవరకు భర్తీ చేస్తుంది. నడిపేవారికి తేడా తెలియదు, పైగా కారు నిశ్శబ్దంగా ఉందని సంతోషిస్తారు.

దాచలేనిది ఒక్క సందర్భంలోనే బయటపడుతుంది. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపిన తరువాత కూలింగ్ వ్యవస్థలో ఇంకా మిగిలిన ఒత్తిడి వల్ల కూలెంట్ రాత్రంతా చుక్కలు చుక్కలుగా సిలిండర్‌లోకి చేరుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆ సిలిండర్ సరిగా మండదు. కారు మొత్తం కొన్ని క్షణాల పాటు గడగడలాడి, ఆ నీరంతా ఆవిరై పోగానే ఏమీ జరగనట్టు సర్దుకుంటుంది. చలికాలం కదా, అలాగే ఉంటుందిలే అని చాలామంది సరిపెట్టుకుంటారు. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే పీ0300 వరుసలోని మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగా మండలేదనే) కోడో, పీ0401 అనే ఈజీఆర్ కోడో కనిపిస్తుంది. దీపం వెలగకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

అందుకే కారు చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్‌ను ముందుగా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి గట్టిగా చెప్పాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మరొక రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయడమే మేలు. బోనెట్ కింద కూలెంట్ ట్యాంకులు రెండు ఉంటాయి, ఒకటి ఇంజిన్‌కు, ఇంకొకటి బ్యాటరీ విద్యుత్తును మోటార్లకు తగినట్టు మార్చే ఇన్వర్టర్‌కు. ఇన్వర్టర్ ట్యాంకు నిండుగా కనిపించిందని ఊరుకోకూడదు, చూడవలసింది ఇంజిన్ ట్యాంకును. కింద ఎక్కడా కారిన జాడ లేకుండా అందులో మట్టం తగ్గిందంటే ఆ కూలెంట్ ఎటు పోయిందో ఊహించవచ్చు. స్కానర్ పెట్టినప్పుడు కోడ్‌లు లేవన్నంత మాత్రాన తృప్తి పడక, కారు తనంతట తాను చేసుకునే పరీక్షలన్నీ పూర్తయినట్టు చూపిస్తోందో లేదో కూడా చూడాలి. పూర్తికాకపోతే కోడ్‌లను నిన్ననో మొన్ననో చెరిపేసి ఉండవచ్చు. ఇవన్నీ బాగున్నా, స్పార్క్ ప్లగ్‌లు తీసి సన్నని కెమెరాతో సిలిండర్ల లోపల చూడగల మెకానిక్‌కు డబ్బిచ్చి చూపించుకోవాలి. మిగతా మూడు పిస్టన్ల తలలు మసి పట్టి ఉండి, ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా మెరుస్తుంటే ఆ కారు మనకు వద్దు.

ఇదే ఇంజిన్‌లో కొన్ని ఆయిల్‌ను కూడా తాగుతాయి. 0డబ్ల్యూ-20 సింథటిక్ ఆయిల్‌ను పదివేల మైళ్లకొకసారి మారిస్తే చాలని మాన్యువల్ చెబుతుంది. పాతబడిన ఇంజిన్‌కు అది చాలా ఎక్కువ దూరమని నా అభిప్రాయం. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగేది ప్రెజర్ పడిపోయాక మాత్రమే కనుక డిప్‌స్టిక్‌ను తరచూ తీసి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఇక భద్రత సంగతి. గ్యాస్కెట్ లీకు ముదిరి, సిలిండర్‌లో కూలెంట్ ఎక్కువగా చేరితే పిస్టన్ దాన్ని నొక్కలేదు, నీరు గాలిలా కుంచించుకోదు. మోటారేమో ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు పిస్టన్‌ను కింది క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తోనే మరికొంత దూరం నడిపితే అది విరిగి బ్లాక్‌ను చీల్చుకుని బయటకు రావచ్చు. ఇంటి ముందు జరిగితే అది డబ్బు నష్టం మాత్రమే, ఫ్రీవే మీద జరిగితే ప్రాణాపాయం. ఇంజిన్ ఆగిపోయాక మిగిలిన బ్యాటరీతో మెల్లగా మైలో రెండు మైళ్లో పోగలిగితే అదే ఎక్కువ.

దీనికి ఇంజిన్‌తో సంబంధం లేని మరొక ముప్పు తోడైంది. బ్యాటరీ వోల్టేజీని 650 వోల్టుల వరకు పెంచే ఇన్వర్టర్‌లోని ట్రాన్సిస్టర్లు వేడికి దెబ్బతింటున్నాయని 2014 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 లక్షల ప్రియస్‌లను రీకాల్ చేసి, సాఫ్ట్‌వేర్ మార్చింది. లోపం వచ్చినప్పుడు కారు తక్కువ శక్తితో నడిచే ఫెయిల్‌సేఫ్ స్థితిలోకి వెళ్లాలి. కొన్ని సందర్భాల్లో అలా వెళ్లకుండా పూర్తిగా ఆగిపోవచ్చని తేలడంతో 2018 అక్టోబరులో దాదాపు 24 లక్షల హైబ్రిడ్‌లను, 2020లో ఇంకా కొన్ని లక్షలను వెనక్కి పిలిచింది. అదే లోపం కోసం ఒకే కారు మళ్లీ మళ్లీ వర్క్‌షాపుకు వెళ్లవలసి రావడం నాకు నమ్మకం కలిగించే విషయం కాదు. మన చేతికి వచ్చిన కారుకు పాత యజమాని ఈ పనులు చేయించాడో లేదో, ప్రతి కారుకూ ప్రత్యేకంగా ఉండే 17 అక్షరాల వీఐఎన్ గుర్తింపు నంబరుతో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైటులో ఉచితంగా తెలుసుకోవచ్చు. మిగిలి ఉంటే డీలర్ ఉచితంగానే చేయాలి.

హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద ఇప్పుడు కనిపిస్తున్న హైక్రాస్‌, హైరైడర్‌, గ్రాండ్ విటారా హైబ్రిడ్ కార్లు 2022 నుంచి వచ్చినవి, వాటి ఇంజిన్లు వేరు. పదేళ్లు నిండాక అవి ఎలా ఉంటాయో ఇప్పుడే జోస్యం చెప్పలేము. అయితే అక్కడి కొనుగోలుదారులు కూడా బ్యాటరీకి ఇచ్చే ఎనిమిదేళ్ల వారంటీని చూసి, ఇంజిన్ వారంటీ ఎంతకాలమో అడగడం మరచిపోతున్నారని మాత్రం గమనించాను.

ఇప్పటికే మూడో తరం కారు కొనుక్కుని నడుపుతున్నవారికి ఒక మాట. ఫ్రీవే మీద "చెక్ హైబ్రిడ్ సిస్టం" అనే హెచ్చరిక వచ్చి శక్తి తగ్గితే, స్టీరింగు, బ్రేకులు ఇంకా పనిచేస్తుండగానే హజార్డ్ దీపాలు వేసి కుడివైపు షోల్డర్ మీదకు చేర్చాలి. ఇంజిన్ గడగడలాడి ఆగిపోయి ఉంటే పవర్ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కకూడదు, ఒక్కొక్క ప్రయత్నం రాడ్‌ను ఇంకొంచెం వంచుతుంది. టో ట్రక్కును పిలిచేటప్పుడు ఫ్లాట్‌బెడ్ కావాలని ముందే చెప్పాలి. మోటార్లు ముందు చక్రాలకు జోడించి ఉంటాయి కాబట్టి, ఆ చక్రాలు నేలమీద దొర్లేటట్టు లాగించుకుంటే ట్రాన్సాక్సిల్ కూడా పోతుంది.