కంటి ఎరుపు, చెవి ముందు బిళ్ళ

2023 జూలై చివర కురిసిన వానలకు నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీల్లోకి నీరు వచ్చింది. ఇంట్లో బురద ఎత్తిపోసుకోవడం పూర్తి కాకముందే మా చిన్నవాడు బడి నుండి కండ్లకలక తెచ్చుకున్నాడు, వారంలోపే నాకూ అంటింది. తెల్లవారి లేవబోతే ఎడమ కంటి రెప్పలు అంటుకుపోయి విడలేదు. అమ్మ గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి ఇస్తే, రెప్ప వెంట్రుకలకు పట్టిన పుసిని నానబెట్టి తుడిచాక గాని వెలుతురు కనిపించలేదు. ఇక రోజంతా నీరు కారడం, ఇసుక పడ్డట్టు గరగర.

నందివర్ధనం పూలు కండ్ల మీద పెట్టుకొమ్మని అమ్మ అంటే నవ్వాను గాని, అంతకంటె తెలివితక్కువ పని నేనే చేశాను. మందుల దుకాణంలో అడిగి, వాళ్ళిచ్చిన చుక్కలు వేసుకున్నాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. మానగానే మళ్ళీ వచ్చింది, కుడి కన్ను కూడా ఎర్రబడింది.

కంటి వైద్యురాలు కన్ను చూడకముందే నా చెవి ముందు వేలితో నొక్కారు. అక్కడ శనగగింజంత బిళ్ళ కట్టిందని, ముట్టుకుంటే నొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ బిళ్ళ, నీళ్ళలాంటి స్రావం, ఒక కంటి నుండి రెండో కంటికి పాకడం చూస్తే ఇది వైరస్ వల్ల, బహుశా అడినోవైరస్ వల్ల వచ్చినదేనని, అదే చిక్కటి చీము రోజంతా కారుతుంటే బాక్టీరియాను, దురదే ఎక్కువగా ఉంటే అలర్జీని అనుమానిస్తామని వివరించారు. నేను తీసుకువెళ్ళిన సీసా మీద పేరు చదివి, అందులో స్టెరాయిడ్ ఉందని, అది ఎరుపును అణచిపెడుతుందే తప్ప వైరస్‌ను చంపదని, ఒకవేళ ఇది హెర్పిస్ అనే మరో వైరస్ అయి ఉంటే నల్లగుడ్డు మీద పుండు ముదిరి చూపుకే ముప్పు వచ్చేదని చెప్పారు.

వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు కనుక అదీ రాయలేదు. కంటిని తడిగా ఉంచే చుక్కలు, చల్లటి తడిగుడ్డ, విడిగా తువ్వాల, దిండు గలేబు, మాటిమాటికీ సబ్బుతో చేతులు కడగడం, ఇంతే వైద్యం. కండ్లలోకి చూస్తే అంటుతుందని ఆఫీసులో నన్ను తప్పించుకు తిరిగినవాళ్ళు, నేను తాకిన తలుపు పిడిని మాత్రం నిశ్చింతగా పట్టుకున్నారు.

మూడో వారానికి ఎరుపు పోయింది. రాత్రిపూట బండి లైట్ల చుట్టూ మసక వలయాలు మాత్రం మిగిలాయి. నల్లగుడ్డు మీద ఏర్పడ్డ సన్నని మచ్చల వల్ల అలా కనిపిస్తుందని, మెల్లగా వాటంతట అవే పోతాయని రెండోసారి చూపించుకున్నప్పుడు చెప్పారు. దసరా దాటాక గాని అవి పోలేదు.