మా వరి మునిగిందని చూపించడానికి నేను పడ్డ తిప్పలు

నిన్ననే మా నాన్న పేరు పంట నష్టం జాబితాలో ఎక్కింది. ఆ సంతోషం, అంతకుముందు పడ్డ అవమానం రెండూ పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా, మూసీ ఒడ్డు. వాడపల్లి దగ్గర అది కృష్ణలో కలవడానికి కాస్త ఎగువన ఉంటాం. ఇక్కడ చినుకు పడకపోయినా హైదరాబాద్‌లో కుండపోత కురిసి, సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు గేట్లు ఎత్తితే మాకు వరద. ఆగస్టు ఆఖర్లో అలాగే వచ్చి, మా రెండెకరాల వరి రెండు రోజులు నీళ్లలోనే ఉంది. పంట నష్టం రాసే అధికారులు సర్వేకు వచ్చేసరికి నీళ్లు తీశాయి. "పైరు నిలబడే ఉంది కదా" అని గట్టు మీది నుంచే వెళ్లిపోయారు. 33 శాతం నష్టం ఉంటేనే రాస్తారట.

యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహం చిత్రాలు ఉచితం. ఆ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, తేదీ వెతికి దింపుకోవడం ఒక్క సాయంత్రం పని. అది రాడార్ కాబట్టి మబ్బులు అడ్డం రావు. మామూలు కెమెరాలా ఫొటోలు తీసే సెంటినెల్-2 జోలికి పోకండి, వానాకాలంలో అందులో మబ్బులే కనిపిస్తాయి. ఒక ఉపగ్రహం అదే దారిన మళ్లీ రావాలంటే 12 రోజులు. మా అదృష్టం కొద్దీ వరద రెండో రోజు పొద్దున్నే మా మీదుగా పోయింది. నున్నటి నీటి మీద పడ్డ రాడార్ తరంగం అవతలికి జారిపోతుంది, వెనక్కి రాదు. అందుకే నీళ్లున్న చోటు నల్లగా కనిపిస్తుంది.

ఆ నల్లటి చిత్రం ప్రింట్ తీసుకుని పంట నష్టం రాసే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సారు కాసేపు చూసి, పెన్నుతో కుంట కింది మెరక పొలాలు చూపించాడు. "ఇక్కడా నల్లగనే ఉందేంది? మూసీ గుట్టెక్కిందా?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా నాన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

మూడు రాత్రులు నిద్ర లేదు. సారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, నవ్వించిన తీరే తప్పు. నాలుగో రోజు కుంట కిందికి వెళ్లి చూస్తే తెలిసింది: అక్కడ నాట్లు ఆలస్యంగా పడ్డాయి. మొక్కల మధ్య నీళ్లు పైకే కనబడుతున్నాయి, రాడార్‌కూ అవే కనిపించాయి. మాది జులై మొదట్లో నాటిన పైరు. గుబురుగా పెరిగి మడిలో నీళ్లను కప్పేసింది కాబట్టి వరదకు ముందు తెల్లగా ఉండాలి.

12 రోజుల ముందు చిత్రం దింపి పక్కన పెట్టాను. కుంట కింద రెండింటిలోనూ నలుపే. మా మడి మొదటిదాంట్లో తెలుపు, రెండోదాంట్లో నలుపు! క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచి, ఊరి నక్షాను బ్రిడ్జి, కుంట కట్ట ఆనవాళ్లతో సరిపెట్టి, మా సర్వే నంబరు గీశాను. చిత్రంలో ఒక్కో చుక్క అంటే నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. రెండెకరాలంటే 80 చుక్కలు, అందులో 76 నల్లబడ్డాయి. బీకాం చదివినవాణ్ణి, ఎవరి సాయం లేకుండా చేశాను. మీరు వెళ్తే రెండు తేదీలవీ పట్టుకునే వెళ్లండి, సర్వే నంబరు గీయకుండా మాత్రం వెళ్లకండి.

ఈసారి అదే సారు పొలానికి వచ్చాడు. మడిలోకి దిగి ఒక దుబ్బు పీకాడు. మొవ్వు చేతికి ఊడి వచ్చింది, కుళ్లు వాసన. దాన్ని గట్టు మీద పెట్టి, మా నాన్నను సర్వే నంబరు అడిగి రాసుకున్నాడు.